పంట పోయినా నష్టం లేని చెరువు

కాలేజీ చదువుకు మొబైల్ ఆటలు పనికొస్తాయా అన్న ప్రశ్న మీద ఈ ప్రసంగం. ఆట అన్న మాట వినగానే తల్లిదండ్రులకు గుండె గుబేలుమంటుంది, లెక్చరర్లకు విసుగు పుడుతుంది. ఆ భయానికీ ఆ విసుగుకీ కారణాలు లేకపోలేదు, వాటి దగ్గరికి తప్పకుండా వస్తాను. అయితే డిగ్రీ చదివే పిల్లల చేతిలో ఫోన్ ఉండాలా వద్దా అన్న చర్చకు మాత్రం ఏనాడో కాలం చెల్లింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధరను నేలకు దించింది. 2020లో కరోనాతో తరగతి గదులు మూతపడ్డప్పుడు కాలేజీలే పాఠాలను ఫోన్లలోకి పంపాయి. కృష్ణా జిల్లా తీరంలోని కృత్తివెన్ను, ఇంతేరు, చినగొల్లపాలెం వైపు నుంచి బందరుకో, భీమవరానికో, నరసాపురానికో బస్సు మీద కాలేజీకి వెళ్లివచ్చే పిల్లలకు రాకపోకల్లోనే చాలా పొద్దు గడిచిపోతుంది. ఆ పొద్దును ఫోన్ ఎలాగూ తీసుకుంటోంది. అందులో కొంత చదువుకు దక్కేలా చేయగలమా అన్నదే మిగిలిన ప్రశ్న. దీనికి సాధారణంగా వినిపించే జవాబు ఒకటుంది: పిల్లలకు ఆటంటే ఇష్టం, పాఠాన్ని ఆటగా మారిస్తే పాఠమూ ఇష్టమవుతుంది అని. ఈ వాదన నాకు నచ్చదు, దానికి ఆధారం కూడా బలంగా లేదు. నేను చెప్పదలచుకున్నది వేరు. మన కాలేజీ చదువులో విద్యార్థి తప్పు చేయడానికి చోటు లేదు. పరీక్షలో చేసిన తప్పుకు మార్కు పోతుంది, ఉద్యోగంలో చేసిన తప్పుకు జీతం పోతుంది, చెరువు గట్టు మీద చేసిన తప్పుకు లక్షల రూపాయలు పోతాయి. ఒక నిర్ణయం తీసుకుని, అది తప్పని వెంటనే చూసి, నష్టపోకుండా మళ్లీ ప్రయత్నించే చోటు ఆట ఇస్తుంది. చదువులో ఆట విలువంతా అక్కడే ఉందని నా నమ్మకం.

సరదా వాదన ఎందుకు నిలవదో ముందు చూద్దాం. నెదర్లాండ్స్‌లో వౌటర్స్ అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ చదువు కోసం తయారైన కంప్యూటర్ ఆటల మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కూర్చి, 2013లో లెక్క తేల్చారు. మామూలు బోధనతో పోలిస్తే ఆటల ద్వారా నేర్చుకున్నవాళ్లు కొంత ఎక్కువ నేర్చుకున్నారు, నేర్చుకున్నది కొంత ఎక్కువ కాలం గుర్తుపెట్టుకున్నారు. తేడా ఆకాశమంత లేదు, కానీ ఉంది. ఆశ్చర్యం కలిగించేది రెండో ఫలితం. ఆటలాడినవాళ్లకు చదువు మీద ఉత్సాహం మిగతావాళ్లకంటే ఎక్కువగా ఉందని చెప్పదగ్గ ఆధారం దొరకలేదు. అంటే ఆట పనిచేసింది, పనిచేసిన కారణం మాత్రం అందరూ అనుకునే సరదా కాదన్నమాట. మరి కారణం ఏమిటి? 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగం దీనికి దారి చూపుతుంది. ఒక జట్టు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో జట్టు ఒక్క విడత చదివి, ఆ తర్వాత మూడు విడతలు పుస్తకం మూసి గుర్తున్నదంతా రాసింది. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి, వాళ్లకు 83 శాతం గుర్తుంది, రెండో జట్టుకు 71 శాతం. వారం తర్వాత అడిగితే లెక్క తిరగబడింది. నాలుగు విడతలు చదివినవాళ్లకు 40 శాతమే మిగిలింది, పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవాళ్లకు 61 శాతం నిలిచింది. పరీక్ష ముందు రాత్రి గైడు పట్టుకుని నాలుగుసార్లు తిరగేసే మన అలవాటు ఎక్కడ దెబ్బతింటోందో ఈ రెండు అంకెలు చెబుతాయి. మంచి ఆట విద్యార్థిని పుస్తకం మూసేలా చేస్తుంది. ఇప్పుడు నువ్వేం చేస్తావు అని అడుగుతుంది, జవాబు రాబట్టుకుంటుంది, తప్పైతే అప్పటికప్పుడే చూపిస్తుంది. ఉపాధ్యాయుడు ఎదుట కూర్చుని ఒక్కొక్కరినీ ఇలా అడగగలిగితే ఆటతో అవసరమే లేదు. అరవై మంది ఉన్న తరగతిలో అది సాధ్యపడదు.

ఇదంతా పడమటి దేశాల సరుకని ఎవరైనా అనుకుంటే, బందరు చరిత్రనే ఒకసారి తలచుకోమంటాను. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూలులో తెలుగు పండితులుగా పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ ఆయన దగ్గర చదువుకున్నారు. ఆ జంట కవులు ఊరూరా తిరిగి చేసిన అవధానాన్ని నియమాల దృష్టితో చూడండి. ఒక పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు, ఒకడు దత్తపది ఇస్తాడు, ఒకడు అక్షరం అక్షరానికీ నిషేధం పెడతాడు. అప్రస్తుత ప్రసంగం చేసేవాడి పనే అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడం. ఇన్నింటి మధ్య పద్యాలు పూరించి, చివర ధారణలో అన్నీ వరసగా అప్పజెప్పాలి. నియమం ఉంది, అడ్డంకి ఉంది, సభలో వెంటనే తెలిసిపోయే గెలుపోటములు ఉన్నాయి, జ్ఞాపకం నుంచి పైకి తీసే పరీక్ష ఉంది. రోడిగర్ ప్రయోగశాలలో కొలిచిన గుణమే ధారణలో ఉంది. ఆట అనేసరికి తేలిక అనుకోవడం పొరపాటని దీన్నిబట్టే తెలుస్తుంది. తెలుగువాళ్లు పుట్టించిన విద్యా వినోదాల్లో అవధానాన్ని మించిన కఠినమైనది ఇంకొకటి ఉందని నేననుకోను. చదువు కష్టంగానే ఉండాలి, ఆటలు దాన్ని పలచన చేస్తాయి అని అనే పెద్దలకు నా జవాబు కూడా ఇదే. కష్టం ఎంత ఉండాలన్నది ఆటను అల్లేవాడి చేతిలో ఉంటుంది. బిట్లు చూపించి నాలుగింటిలో ఒకటి నొక్కించే యాప్ పలచనిదే. దాన్ని సమర్థించే పని నేను పెట్టుకోలేదు.

కాలేజీ స్థాయిలో ఆట ఎంత లోతుకు పోగలదో చెప్పడానికి ఒక పాత ఉదాహరణ ఉంది. అమెరికాలోని ఎంఐటీలో అరవయ్యేళ్లకు పైగా మేనేజ్‌మెంట్ విద్యార్థుల చేత ఆడిస్తున్న బీర్ గేమ్ అది. సరుకు ఫ్యాక్టరీ నుంచి దుకాణం దాకా ఎలా ప్రయాణిస్తుందో చూపే ఆట. ఒకరు చిల్లర వర్తకుడు, ఒకరు టోకు వర్తకుడు, ఒకరు పంపిణీదారు, ఒకరు ఫ్యాక్టరీ. వారం వారం ఎంత సరుకు కావాలో పైవాడికి ఆర్డరు పెట్టాలి. సరుకు రావడానికి కొన్ని వారాలు పడుతుంది, ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. కొనేవాళ్ల గిరాకీ నాలుగు పెట్టెల నుంచి ఎనిమిదికి ఒకే ఒక్కసారి పెరిగి, ఆ తర్వాత చివరిదాకా కదలకుండా అక్కడే ఉంటుంది. అయినా దాదాపు ప్రతి జట్టులోనూ కొరత వస్తుంది, కంగారుపడి ఆర్డర్లు పెంచేస్తారు, తర్వాత సరుకు గుట్టలుగా పేరుకుపోతుంది. ఆట అయ్యాక గిరాకీ ఎలా ఉందని మీరనుకున్నారో గీసి చూపండి అంటే, విద్యార్థులు ఎగుడుదిగుడు అలలు గీస్తారు. అసలు గీత చూపించినప్పుడు నిర్ఘాంతపోతారు. ఆ ఒడిదుడుకులన్నీ తామే పుట్టించామని వాళ్లకు అప్పుడు తెలుస్తుంది. సరఫరా గొలుసు మీద నలభై పేజీల పాఠం చదివినా ఈ ఎరుక కలగదు. రొయ్య ధర బాగుందని ఒకే నెలలో అందరూ సీడ్ వదిలి, ఒకే వారంలో అందరూ పట్టుబడికి వచ్చి, కొనేవాడి ముందు ధర తగ్గించుకునే ప్రాంతంలో చదివే కామర్స్ విద్యార్థికి ఇది ఎక్కడో అమెరికా సంగతిగా అనిపించదు.

ఇక చెరువు దగ్గరికి వస్తాను. కృత్తివెన్ను మండలంలో చదువుకునే పిల్లల్లో చాలామంది చూస్తూ పెరిగిన పని రొయ్యల సాగు. 2009లో దేశంలోకి వనామికి అనుమతి వచ్చాక ఈ తీరమంతా ఆ రొయ్యకే మళ్లింది. ఆక్వాకల్చర్, జంతుశాస్త్రం, రసాయన శాస్త్రం డిగ్రీలో చదివే విద్యార్థికి ఇంటి వెనకే ప్రయోగశాల ఉన్నట్టు లెక్క. కానీ ఆ ప్రయోగశాలలో ప్రయోగం చేయనివ్వరు. ఎందుకు చేయనిస్తారు? లీజు డబ్బు, సీడు డబ్బు, మేత అప్పు అన్నీ ఆ నీళ్లలోనే ఉన్నాయి. అందువల్ల నీటిలో కరిగిన ఆక్సిజన్ గురించి ఆ విద్యార్థి పుస్తకంలో చదువుతాడు, పరీక్షలో రాస్తాడు, గట్టు మీద తండ్రో మామయ్యో చేసేది చూస్తాడు. నిర్ణయం మాత్రం ఎప్పుడూ తీసుకోడు. ఇలాంటి విద్యార్థి కోసం ఫోన్‌లో ఒక చెరువు ఉందనుకోండి. ఎకరం నీళ్లు, నూట ఇరవై రోజుల పంట, చేతిలో కొంత పెట్టుబడి. చదరపు మీటరుకు ఎన్ని రొయ్య పిల్లలు వదలాలో మొదట తేల్చుకోవాలి. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధన ప్రకారం అరవై దాటకూడదు. అరవై వదిలితే రాబడి ఆశ పెరుగుతుంది, నీటికి గాలి అందించే ఏరియేటర్ల ఖర్చూ పెరుగుతుంది. పగలంతా నీటిలోని ప్లాంక్టన్ ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి అదే ప్లాంక్టన్ రొయ్యలతో పోటీపడి ఆక్సిజన్ పీల్చుకుంటుంది, తెల్లవారుజామున మట్టం అడుగంటుతుంది. రెండు రోజులు మబ్బు పట్టింది. కరెంటు పోయింది. జనరేటరుకు డీజిలు పోస్తే ఈ రాత్రికి ఇంత ఖర్చు, పోయకపోతే ఏమవుతుందో తెలియదు. ఏం చేస్తావు? మేత ఎక్కువేశావు, చెక్ ట్రేలో మిగిలింది, అయినా మర్నాడూ అంతే వేశావు. అడుగున కుళ్లి అమ్మోనియా పెరిగింది. పీహెచ్ ఎక్కువున్న రోజున అదే అమ్మోనియా మరింత విషమవుతుంది. పుస్తకంలో ఇవి నాలుగు వేరు వేరు యూనిట్లలోని నాలుగు ప్రశ్నలు. చెరువులో ఇవన్నీ ఒకే రాత్రి వచ్చి మీద పడతాయి. ఆట వాటిని కలిపి చూపిస్తుంది, పంట పోతే మొదటి రోజుకు తీసుకుపోయి మళ్లీ అవకాశమిస్తుంది.

ఇంకో అడుగు ముందుకేద్దాం. అదే ఆటలో అయిదుగురు విద్యార్థులు అయిదు చెరువుల యజమానులు, అందరికీ కాలువ ఒక్కటే. ఒకరి చెరువుకు తెల్లమచ్చల వైరస్ తగిలింది. ఈ వైరస్ పట్టిన చెరువులో మూడు నుంచి పది రోజుల్లో రొయ్యలన్నీ చనిపోయే ప్రమాదముంది. 1990 దశకం నడుమ ఈ తీరంలో టైగర్ రొయ్యను కూల్చింది ఇదే. ఆ విద్యార్థి నీళ్లు కదలకుండా ఆపి, మందు కలిపి శుద్ధి చేసి వదలవచ్చు, దానికి డబ్బూ రోజులూ ఖర్చవుతాయి. లేదా రాత్రికి రాత్రి తూము ఎత్తి కాలువలోకి వదిలేయవచ్చు. వదిలేస్తే కింది చెరువువాళ్ల తెర మీద వారం తర్వాత ఏం కనిపిస్తుందో ఊహించండి. అలా చేయకూడదని ఉపన్యాసాలు ఎన్నో విన్నారు, విన్నవాళ్లూ చేస్తూనే ఉన్నారు. తోటి విద్యార్థి తన చెరువు పోయిందని ఎదురుగా నిలబడి అడిగినప్పుడు కలిగే ఆలోచన వేరు. పంటకు ముందే అయిదుగురూ కూర్చుని, ఎవరికి వైరస్ తగిలినా మిగతా నలుగురం ఖర్చు పంచుకుంటాం అని ఒప్పందం చేసుకుంటే ఆట ఎలా మారుతుందో కూడా చూడవచ్చు. అక్కడ జీవశాస్త్రం, అర్థశాస్త్రం, పౌరనీతి ఒకే బల్ల మీదికి వస్తాయి. బందరులో 1910లో కోపల్లె హనుమంతరావు గారు, ఆయన మిత్రులు జాతీయ కళాశాలను నెలకొల్పినప్పుడు పుస్తకాన్నీ చేతిపనినీ విడదీయని చదువు కోరుకున్నారు. ఆ కోరికను ఈ కాలపు పనిముట్టుతో తీర్చుకునే దారి ఇదని నాకనిపిస్తుంది.

తెర మీది చెరువు నిజం చెరువు ఎలా అవుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. బురద వాసన, నీటి రంగు, పక్షులు వాలే తీరు చూసి రోగాన్ని పసిగట్టే రైతు చూపు ఏ ఆటా నేర్పలేదు. అయితే 1929లో ఎడ్విన్ లింక్ తయారుచేసిన విమాన శిక్షణ యంత్రం మీద కూడా ఈ మాటే అన్నారు. నేల విడవని పెట్టెలో కూర్చుని ఎగరడం నేర్చుకోవడమేమిటని చాలాకాలం దాన్ని వినోదశాలల్లో ఆటవస్తువుగానే చూశారు. 1934లో అమెరికా సైన్యం విమానాల్లో తపాలా మోసే పని చేపట్టి, చెడ్డ వాతావరణంలో పైలట్లను వరసగా పోగొట్టుకున్నాకే ఆ యంత్రాలు కొన్నది. యంత్రం ఆకాశానికి బదులు రాలేదు. ఆకాశంలో మొదటిసారి చేస్తే ప్రాణం తీసే తప్పును నేల మీద ముందే చేయించింది. రొయ్యల ఆటకు కూడా నేనింతకు మించి అడగను. వౌటర్స్ బృందం లెక్కలోనూ ఆట ఒంటరిగా కంటే వేరే బోధనతో కలిసి ఉన్నప్పుడు, ఒక్కసారితో ఆపకుండా పలుసార్లు ఆడినప్పుడు, జట్టుగా ఆడినప్పుడు ఎక్కువ ఫలితమిచ్చిందని తేలింది. కనుక ఆట తర్వాత తరగతిలో జరిగే మాటలు ఆట కంటే ముఖ్యం. నీ చెరువు ఏ రోజున పోయింది, అసలు ఏ రోజున పోవడం మొదలైంది అని లెక్చరర్ అడగాలి. ఈ రెండు తేదీల మధ్య దూరమే ఆ రోజు పాఠం.

అన్నింటికంటే బరువైన అభ్యంతరం వ్యసనం గురించినది. ఆన్‌లైన్ రమ్మీలో, బెట్టింగుల్లో డబ్బు పోగొట్టుకుని అప్పులపాలైన యువకుల కథలు ఈ జిల్లాల వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా వాటిని నిషేధిస్తూ, డబ్బు పందెం లేని ఆటలను, నైపుణ్యం పెంచే ఆటలను వేరుగా చూసింది. చట్టం గీసిన ఆ గీత సరైనదని నా అభిప్రాయం, కానీ చదువు విషయంలో అది చాలదు. డబ్బు లేకుండానే మనిషిని కట్టిపడేసే ఆటలున్నాయి. రోజూ రాకపోతే వరస తెగిపోతుందని బెదిరించేవి, అర్ధరాత్రి గంట మోగించి పిలిచేవి, అంతమే లేనివి. కాలేజీకి తెచ్చే ఆటకు ముగింపు ఉండాలి. ఒక పంట ఇరవై నిమిషాల్లో అయిపోవాలి, అయ్యాక ఫోన్ కింద పెట్టేలా ఉండాలి. ప్రకటనలు, కొనుగోళ్లు, నోటిఫికేషన్లు ఒక్కటీ ఉండకూడదు. ఇంత కఠినంగా ఉంటే పిల్లలు ఆడరేమో అంటారా? పాఠంలో భాగంగా ఆడేదానికి ఆకర్షణ కోసం అర్రులు చాచే అవసరం లేదు.

పాయింట్లు, పతకాలు, ర్యాంకుల విషయంలో నేను ఇంకా గట్టిగా మాట్లాడతాను. ఆటలంటే ఇవే అనుకుని చదువుకు అద్దే ప్రయత్నం ప్రపంచమంతటా సాగుతోంది. స్పెయిన్‌లోని అల్కలా విశ్వవిద్యాలయంలో ఇలాంటి కోర్సు చదివిన విద్యార్థులు ప్రాక్టికల్ పనుల్లో మెరుగ్గా చేశారు, రాతపనిలో వెనకబడ్డారు, తరగతిలో పాల్గొనడమూ తగ్గించారు. ఈ ఫలితాలు 2013లో ప్రచురితమయ్యాయి. 2015లో అమెరికాలో హేనస్, ఫాక్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే కోర్సును రెండు విధాలుగా పదహారు వారాలు నడిపి చూశారు. పతకాలు, ర్యాంకుల పట్టిక ఉన్న తరగతిలో ఉత్సాహం క్రమంగా తగ్గింది, దానితో పాటే చివరి పరీక్ష మార్కులూ తగ్గాయి. అంతకు చాలా ముందే, 1973లో, బొమ్మలు గీయడం ఇష్టమైన చిన్నపిల్లలకు బహుమతి ఇస్తామని చెప్పి గీయిస్తే, తర్వాత వాళ్లు తమంతట తాము గీయడం సగానికి తగ్గిందని లెపర్, గ్రీన్, నిస్బెట్ చూపించారు. ఇంటర్మీడియట్ దాకా ర్యాంకుల హోరులో నలిగి వచ్చిన మన పిల్లలకు డిగ్రీలో కూడా ఫోన్ తెర మీద ఇంకో ర్యాంకుల పట్టిక పెట్టడం అన్యాయం. చివరి వరుసలో పేరు చూసుకున్న విద్యార్థి తప్పు చేయడానికి ఇంకెక్కడ సాహసిస్తాడు? తప్పుకు చోటివ్వడానికే కదా ఆటను పిలిచింది.

ఫోన్ లేనివాళ్ల సంగతేమిటన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యమైనది. ఇంటికొక ఫోన్ ఉండి, అది తండ్రి జేబులోనో అన్న చేతిలోనో ఉండే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ ఇళ్లలో ఎక్కువ నష్టపోయేది ఆడపిల్లలే. ఇంటి దగ్గర ఆడి రమ్మని చెప్పే ఏ ఆటైనా వాళ్లను వెనక్కి నెడుతుంది. అందుకే నలుగురికి ఒక ఫోన్ చొప్పున తరగతిలోనే ఆడించడం మేలు, జట్టుగా ఆడితే ఫలితం ఎక్కువని ఇంతకుముందే చెప్పుకున్నాం. ఆట చిన్నదిగా ఉండాలి, పాత ఫోన్‌లోనూ నడవాలి, నెట్ లేకపోయినా ఆగకూడదు. తుపాను హెచ్చరిక వస్తే కరెంటూ సిగ్నలూ రెండూ పోయే తీరం ఇది. భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2021-22 విద్యాసంవత్సరం నుంచి రాష్ట్రంలోని డిగ్రీ కాలేజీలన్నింటిలో ఇంగ్లీషు మాధ్యమమే అమలవుతోంది. పన్నెండేళ్లు తెలుగులో చదివి వచ్చినవాళ్లకు సబ్జెక్టు ఒక భారం, భాష ఇంకో భారం. ఆటలో నిర్ణయాలూ సంభాషణా తెలుగులో, చెరువు వాళ్లు మాట్లాడే మాటల్లోనే ఉండి, పరీక్షకు కావాల్సిన సాంకేతిక పదాలు పక్కనే ఇంగ్లీషులో కనిపిస్తూ పోతే, విషయం అర్థమైన చోటే పదమూ అతుక్కుంటుంది.

అయితే ఈ ఆటను ఎవరు తయారుచేయాలి? బయటి కంపెనీ చేసి అమ్మితే అది ఈ నేలకు కుదురుతుందన్న నమ్మకం నాకు లేదు. దీనికో పాఠం మన దేశంలోనే ఉంది. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మాథ్యూ కామ్ అనే పరిశోధకుడు మొదలుపెట్టిన మిల్లీ ప్రాజెక్టు మన పల్లె పిల్లలకు మొబైల్ ఆటలతో ఇంగ్లీషు నేర్పడానికి ప్రయత్నించింది. పడమటి దేశాల వీడియో ఆటల పద్ధతిలో అల్లిన తొలి ఆటలు పిల్లలకు సరిగా అందలేదు. అప్పుడు ఆ బృందం పల్లెల్లో పిల్లలు ఆడుకునే 28 సంప్రదాయ ఆటల నియమాలను పరిశీలించి, వాటి పద్ధతిలో మళ్లీ అల్లింది. ఆ అధ్యయనం 2009లో వెలువడింది. అది చిన్నపిల్లల కోసం చేసినదే అయినా కాలేజీలకూ వర్తిస్తుంది. ఏది సహజంగా అనిపిస్తుందో ఆ ఊరివాళ్లకే తెలుస్తుంది. గుడివాడ, గుడ్లవల్లేరు, బందరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రతి ఏటా వందల మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు ఫైనలియర్ ప్రాజెక్టు కోసం అంశం వెతుక్కుంటారు. లైబ్రరీ మేనేజ్‌మెంట్, హోటల్ బుకింగ్ లాంటి పాత ప్రాజెక్టులే మళ్లీ మళ్లీ చేస్తుంటారు. వాళ్లను డిగ్రీ కాలేజీల ఆక్వాకల్చర్ విద్యార్థులతో, కృత్తివెన్ను రైతులతో ఒక సెమిస్టరు పాటు కలిపి కూర్చోబెడితే చాలు. 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం బందరులోనే ఉంది, ఈ పని నడిపించడానికి దానికంటే దగ్గరి సంస్థ లేదు. చెన్నైలోని ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ సిబా దగ్గర శాస్త్రీయ సమాచారం సిద్ధంగా ఉంది. వనామి రైతుల కోసం ఆ సంస్థ మొబైల్ యాప్ కూడా తెచ్చింది. లెక్చరర్లకు ఇప్పటికే ఉన్న పనిభారం నాకు తెలుసు. అందుకే మొదటి ఆట ఫోన్‌లో కూడా అక్కర్లేదంటాను. అట్ట మీద గీసిన చెరువు, వాతావరణం రాసిన చీటీలు, లెక్కకు ఒక కాగితం చాలు. అట్ట మీద ఆడి చూసినప్పుడు కుదరని నియమాలు బయటపడతాయి, ఆ తర్వాతే దాన్ని ఫోన్‌లోకి ఎక్కించాలి.

ఇక మిగిలింది మార్కుల విషయం. ఆటలో వచ్చిన లాభానికి ఇంటర్నల్ మార్కులు వేయాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. అది చేయకూడదు. లాభానికి మార్కులు వేసిన రోజు నుంచే విద్యార్థులు ఒకరి దగ్గర ఒకరు గెలిచే సంఖ్యలు రాసుకుంటారు, తప్పు చేసి చూడడం మానేస్తారు, ఆట కూడా ఇంకో గైడుగా మారిపోతుంది. మార్కు వేయాలంటే పంట పోయినవాడికే వేయడానికి దారి ఉంది. తన చెరువులో మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఆక్సిజన్, మేత, అమ్మోనియా ఎలా నడిచాయో ఆట దాచిపెట్టిన లెక్కను విద్యార్థి ముందు పెట్టి, ఎక్కడ ఏ నిర్ణయం మారిస్తే పంట నిలిచేదో కారణాలతో రెండు పేజీలు రాయమనాలి. తెలుగులో రాసినా, ఇంగ్లీషులో రాసినా ఒప్పుకోవాలి. ఆ రెండు పేజీలను కృత్తివెన్ను చెరువుల మీద పదేళ్లు గడిపిన ఒక రైతును కాలేజీకి పిలిచి లెక్చరర్‌తో పాటు చదివించి, ఇద్దరూ కలిసి మార్కు వేయాలి.